మా అక్కా, తిరుపతి మెట్లూ

తిరుపతి అనగానే బయటూరి వాళ్ళకు మెట్లు గుర్తొస్తాయి. అలిపిరి దారిలో 3550, శ్రీవారి మెట్టు దారిలో 2388, మొక్కుకున్నవాళ్ళు పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కే మెట్లు. మా ఇంట్లో లెక్కపెట్టుకున్న మెట్లు వేరే. తపాలా ఆఫీసుకు మూడు, బ్యాంకుకు ఐదు, హైస్కూల్లో మేడ మీది తరగతికి ఇరవై పైన, కొర్లగుంట నుంచి ఊళ్ళోకి పోయే బస్సుకు రెండే గానీ ఆ రెండూ మోకాలెత్తు. ఇవన్నీ మా అక్కకు నోటికి వచ్చు. అక్క పుట్టింది 1975లో, రెండో ఏట పోలియో వచ్చింది, కుడికాలికి పూర్తిగా, ఎడమకాలికి కొంత. నేను అక్క కంటే మూడేళ్ళు చిన్న. నాకు బాగా గుర్తున్న అక్క అంటే, కాలును నిటారుగా నిలబెట్టే ఇనుప పట్టీల క్యాలిపర్, చంకలో కర్ర.

మా పిల్లలకు ర్యాంపు అంటే వింత కాదు, బడికి గేటు ఉన్నట్టే ర్యాంపూ ఉంటుంది అనుకుంటారు. అది లేని ఊరు ఎట్లా ఉండేదో, ఎట్లా మారిందో చూసినవాణ్ణి కాబట్టి రాసిపెడుతున్నాను.

అవ్వ మొదట పుత్తూరు తీసుకుపొమ్మంది. కాలు విరిగినా చెయ్యి విరిగినా మా వైపు పుత్తూరు కట్టే కదా దిక్కు. అక్కడ చూసి, ఇది విరిగిన ఎముక కాదమ్మా, మా కట్టుతో పొయ్యేది కాదు, డాక్టర్లకు చూపించండని డబ్బులు తీసుకోకుండా పంపించేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తిరుపతిలోనే దేవస్థానం వాళ్ళ బర్డ్ ఆసుపత్రి వచ్చింది. పోలియో పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు. ఎక్కడెక్కడి నుంచో అమ్మానాయనలు పిల్లల్ని చంకన వేసుకుని వచ్చేవాళ్ళు, వార్డు నిండా సిమెంటు కట్లతో పిల్లలే. అక్కకూ అక్కడే ఆపరేషన్లు చేశారు. ముడుచుకుపోయిన కాలు నిటారుగా వచ్చింది, క్యాలిపర్ తొడుక్కుని నిలబడింది. నాయన బయటికొచ్చి కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. ఇక అంతా సరిపోయినట్టే అనుకున్నాం.

సరిపోలేదు. కాలు సరిచెయ్యడానికి ఆసుపత్రి ఉంది. బడి మెట్ల సంగతి చూడమని అడగడానికి మాత్రం ఏ చోటూ లేదు.

హైస్కూల్లో ఎనిమిది దాకా కింద గదులు, తొమ్మిది, పది మేడ మీద. నాయన టైలరు, గాంధీ రోడ్డులో ఒక అంగడి వరండాలో మిషను. ఒకరోజు పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బడికొచ్చి పెద్దసారు ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సార్, మా పాప క్లాసు ఒక్కటి కిందికి మార్పిస్తే మీ మేలు మర్చిపోను” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చెడ్డవాడేం కాదు, కసురుకోలేదు కూడా. “ఒక్క పిల్ల కోసం అంతమందిని కదిలించేది ఎట్లా కుదురుతుందయ్యా? ఇట్లాంటి పిల్ల ఇంతదాకా చదివిందే గొప్ప, నీ దగ్గరే పెట్టుకుని మిషను నేర్పించు” అన్నాడు. మంచి చెబుతున్నాను అనుకునే అన్నాడు. నాయన దానికీ “సరే సార్” అని దండం పెట్టి వచ్చేశాడు. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

అక్క బడి మానలేదు. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతుల మీద బరువేసి, ఒక్కొక్క మెట్టే పైకి జరిగేది. క్యాలిపర్ ఇనుము మెట్టుకు తగిలిన ప్రతిసారీ టంగుమని మోగేది. పుస్తకాల సంచీ, చంకకర్ర నేను పట్టుకుని ముందు ఎక్కేవాణ్ణి. పావడా వెనకవైపు చినిగిపోతోందని నాయన లోపల ముతక గుడ్డ వేసి కుట్టాడు. మధ్యాహ్నం అందరూ అన్నానికి దిగితే ఆమె ఒక్కతే పైన ఉండిపోయేది. నీళ్ళు తాగేది కాదు, తాగితే మళ్ళీ దిగాలి కదా. ఆ అలవాటు ఆమెకు ఎన్నేళ్ళు ఉండిపోయిందో, దాని వల్ల ఏమైందో తర్వాత చెబుతాను.

ఆ రోజుల్లో మా బతుకంతా ఎవరో ఒకరి మంచితనం మీద ఆధారపడి ఉండేది. మంచి కండక్టరు దొరికితే బస్సు ఎక్కేది, లేకపోతే చంకకర్ర చూడగానే డ్రైవరు ఆపకుండా లాగించేవాడు. మంచి గుమాస్తా ఉంటే ఫారం బయటికి తెచ్చి సంతకం పెట్టించుకునేవాడు. తిరుమలకు పోతే క్యూ కాంప్లెక్సులో నాయన ఆమెను భుజాన ఎత్తుకునే నిలబడేవాడు, పాపను చూసి ఎవరైనా ముందుకు పొమ్మంటే అది ఆ రోజు అదృష్టం. మేలు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళను తలుచుకోకుండా ఉండలేను. కానీ పొద్దున లేచినప్పటి నుంచీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసి రావడం మనిషిని ఎంత నలిపేస్తుందో నాయన ముఖంలో చూశాను.

1995 డిసెంబరులో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసింది, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమల్లోకి వచ్చింది. పల్స్ పోలియో చుక్కలు దేశమంతా మొదలైంది కూడా ఆ డిసెంబరులోనే. “నా వెనక పుట్టినోళ్ళకు చుక్కలు, నాకు చట్టం” అని అక్క ఇప్పటికీ అంటూ ఉంటుంది. అప్పటికి ఆమె డిగ్రీ చదువుతోంది. ఈ చట్టం గురించి మాకు చెప్పింది యూనివర్సిటీలో చదివే ఒక అన్న. ఆయనకు చూపు లేదు. ఎక్కడో చట్టం జెరాక్సు సంపాదించాడు గానీ చదివి వినిపించేవాళ్ళు దొరకలేదు, అక్కకు చదవడం వచ్చు గానీ లైబ్రరీ మెట్లెక్కి ఆ పుస్తకం తెచ్చుకోలేదు. అట్లా ఆ ఇద్దరికీ కుదిరింది. ఆదివారాలు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె ఇంగ్లీషులో ఒక సెక్షన్ చదవడం, ఆయన దాన్ని అంకెతో సహా మనసులో పెట్టుకోవడం, అర్థం కానిది ఇద్దరూ వాదించుకోవడం, అమ్మ మధ్యలో కాఫీ ఇవ్వడం. 26వ సెక్షన్ దగ్గర అక్క కాసేపు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ప్రతి వికలాంగ బిడ్డకూ ఉచితంగా, తగిన వాతావరణంలో చదువు చెప్పించాలని ఉంది అందులో. అక్కకు అప్పటికే ఇరవై దాటాయి. 33వ సెక్షన్‌లో ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం, చూపు లేనివాళ్ళకు ఒకటి, వినికిడి లేనివాళ్ళకు ఒకటి, కాళ్ళూ చేతుల వైకల్యం ఉన్నవాళ్ళకు ఒకటి. అది విని అమ్మ లోపలి నుంచి వచ్చి మళ్ళీ చెప్పించుకుంది.

46వ సెక్షన్ వచ్చింది. ప్రభుత్వ భవనాలకు ర్యాంపులు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్లు. అక్క గొంతులో సంతోషం తెలిసిపోతోంది. కానీ ఆ వాక్యం మొదట్లోనే ప్రభుత్వాల ఆర్థిక స్తోమత మేరకు అని ఒక మాట ఉంది. అన్న “ఇంకోసారి చదువు తల్లీ” అన్నాడు. చదివింది. “అదీ సంగతి, డబ్బుల్లేవంటారు చూడు” అన్నాడు. ఇరవై ఏళ్ళ పాటు అదే అన్నారు.

సర్టిఫికెట్ తెచ్చుకోవడమే ఒక పెద్ద పని అయింది. 40 శాతం వైకల్యం ఉందని మెడికల్ బోర్డు రాసిస్తేనే చట్టం వర్తిస్తుంది. బోర్డు కూర్చునే రోజు ఒకటి, డాక్టరు లీవు పెట్టే రోజు కూడా అదే. చెట్టు కింద చంకకర్రలు, మూడు చక్రాల బండ్లు వరసగా ఆగి ఉండేవి, పల్లెల నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చినవాళ్ళు సాయంత్రం వట్టి చేతులతో తిరిగిపోయేవాళ్ళు. తర్వాత 2010 ప్రాంతంలో వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులు మొదలై, వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కి, ఒకే సర్టిఫికెట్ పింఛనుకూ బస్సు పాసుకూ పనికొచ్చేట్టు అయింది. స్లాటు దొరకక తిప్పలు పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది వేరే కథ.

2001 జనాభా లెక్కలప్పుడు మా ఇంటికి ఒక టీచరమ్మ వచ్చింది. పేర్లు, వయసు, చదువు అన్నీ రాసుకుని, ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా అని అడిగింది. అమ్మకు అనుమానం వచ్చింది, “ఇదంతా ఎందుకు రాసుకుంటా ఉండావమ్మా?” అంది. 1991 లెక్కల్లో ఈ ప్రశ్నే లేదు. అంటే దేశం తలలు లెక్కపెట్టినప్పుడు అక్క ఉంది గానీ అక్క కాలు లేదు, ఆ కాలు వల్ల ఆమెకు కావలసినవేవీ ఆ కాగితాల్లో లేవు. ఢిల్లీలో జావేద్ అబిదీ లాంటివాళ్ళు, ఆయనా చక్రాల కుర్చీ మనిషే, పట్టుబట్టి పోరాడితేనే 2001లో ఆ ప్రశ్న చేరింది. ఆ లెక్కలో తేలింది 2 కోట్ల 19 లక్షల మంది. అక్క ఆ అంకె డైరీలో రాసుకుంది.

ఉద్యోగం వచ్చింది తర్వాత కొన్నేళ్ళకు, వికలాంగుల బ్యాక్‌లాగ్ పోస్టుల్లో, అంటే భర్తీ కాకుండా మిగిలిపోయిన పోస్టుల్లో, జూనియర్ అసిస్టెంటుగా. ఏ పోస్టుల మీద 3 శాతం లెక్కకట్టాలో కూడా తేల్చకుండా ఆఫీసులు ఏళ్ళ తరబడి నాన్చేవి, మొత్తం పోస్టుల మీద లెక్కపెట్టండి అని చివరికి 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అక్క వంతు అంతకుముందే వచ్చింది, అది ఆమె అదృష్టం. ఆర్డరు చేతికొచ్చిన రోజు నాయన మిషను ఆపి వీధంతా లడ్డూలు పంచాడు. “ఎవర్నీ అడుక్కోకుండా వచ్చిందిరా” అని నాతో అన్నాడు. ఎన్ని మార్కులకు వచ్చింది, జీతమెంత, ఇవేవీ కాదు, ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

ఆఫీసు మేడ మీద. చట్టం ఉద్యోగం ఇచ్చింది, కానీ ఆ ఉద్యోగం ఉన్న చోటికి దారి ఇవ్వలేదు. మళ్ళీ మెట్లు, ఈసారి చీర. అంతకంటే పెద్ద కష్టం మరుగుదొడ్డి. ఉన్నది నేల మీద కూర్చునేది, క్యాలిపర్ వేసుకున్న మనిషి అందులో కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. మగవాళ్ళు ఎక్కడో ఒక చోట పని కానిచ్చుకుంటారు, ఆడమనిషి ఏం చేస్తుంది? బడిలో లాగే పొద్దున కాఫీ తాగి బయల్దేరితే సాయంత్రం ఇంటికొచ్చేదాకా చుక్క నీళ్ళు ముట్టేది కాదు. మే నెల తిరుపతి ఎండ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, జ్వరాలు, ఒకసారి కిడ్నీల దాకా పోయింది. డాక్టరమ్మ నీళ్ళు ఎందుకు తాగవని గట్టిగా అడిగితే ఏడ్చేసింది. మాకు తెలిసింది అప్పుడే, అంతవరకూ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. వైకల్యం గురించి ఎన్ని మీటింగుల్లో ఎన్ని ఉపన్యాసాలు విన్నానో, ఈ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. పింఛను గురించి మాట్లాడతారు, బండ్లు పంచే ఫోటోలు వస్తాయి, మంచిదే. కానీ ఎంతమంది ఆడపిల్లలు ఒక మరుగుదొడ్డి లేక చదువులూ ఉద్యోగాలూ మానుకున్నారో లెక్కతీస్తే బాగుండు.

అక్క అర్జీ రాసింది. 46వ సెక్షన్ ఉదహరించి, ఒక కమోడు, గోడకు రెండు పట్టుకునే కడ్డీలు, అంతే అడిగింది. నిధులు లేవని జవాబు వచ్చింది. అరుగు మీద ఆ అన్న చెప్పిన మాటే కాగితం మీద కనిపించింది. మళ్ళీ రాసింది, మళ్ళీ అదే జవాబు. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరమ్మ అక్క పనిచేసే విభాగాన్ని కిందికి మార్పించింది గానీ మరుగుదొడ్డి మాత్రం తన చేతిలో లేదంది.

ఈలోగా బయట కొన్ని మారాయి. సైడు చక్రాలు తగిలించిన స్కూటీ కొనుక్కుంది అక్క. అది వచ్చిన మొదటి వారం ఊరికే లీలామహల్ సెంటరు దాకా పోయి, తిప్పుకుని వచ్చేది. ఏం పని అంటే ఏం లేదు అనేది. ముప్పై దాటిన మనిషి ఎవరి తోడూ లేకుండా, ఎవరికీ చెప్పకుండా, తన ఊళ్ళో తాను తిరగడం అదే మొదలు. అమ్మకు టెన్షన్, గేటు దగ్గరే నిలబడి ఉండేది.

వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందానికి మన దేశం 2007లో ఒప్పుకుంది. దానికి తగ్గట్టు కొత్త చట్టం రావడానికి ఇంకా తొమ్మిదేళ్ళు పట్టింది. 2016 డిసెంబరులో పాసై 2017 ఏప్రిల్ 19 నుంచి అమలైంది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే ఇందులో 21. ఉద్యోగాల్లో 4 శాతం, పై చదువుల్లో 5 శాతం సీట్లు. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ ఐదేళ్ళలోగా అందరూ వాడుకునేట్టు మార్చాలని గడువు, చట్టాన్ని ఉల్లంఘిస్తే జరిమానా. మా వీధిలో ఒక పిల్లవాడు ఉన్నాడు, నోటితో ఏదడిగినా చెబుతాడు, అక్షరాలు మాత్రం తారుమారవుతాయి. పాత చట్టం ప్రకారం వాడికి ఏమీ లేనట్టే, మొద్దు అనిపించుకుని బడి మానేసేవాడు. ఇప్పుడు పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, పది పాసయ్యాడు. వాళ్ళమ్మకు ఆ సంగతి చెప్పి సర్టిఫికెట్ దాకా నడిపించింది మా అక్కే.

అక్క మూడో అర్జీ కొత్త చట్టం 45వ సెక్షన్‌తో రాసింది. ఈసారి నిధులు లేవని ఎవరూ రాయలేదు. కొన్నాళ్ళకు మేస్త్రీ వచ్చాడు, కమోడు వచ్చింది, కడ్డీలు బిగించారు. ఆరు నెలలు గడిచేసరికి అందులో పాత ఫైళ్ళ కట్టలు, విరిగిన కుర్చీలు వేసి తాళం పెట్టారు. అక్క ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. ఒక శనివారం అటెండరును తోడు తీసుకుని అన్నీ బయటికి తీయించి, తాళానికి ఇంకో చెవి చేయించుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఇప్పుడు ఆఫీసుకు పనిమీద వచ్చే ముసలమ్మలు కూడా ఆమె దగ్గరికే వచ్చి ఆ తాళం చెవి అడుగుతారు. మధ్యాహ్నం అక్క సీటు మీద నీళ్ళ బాటిల్ కనిపిస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

తిరుమలలో ఇప్పుడు వృద్ధులకూ వికలాంగులకూ ఆన్‌లైన్లో స్లాటు ఉంది, దక్షిణ మాడ వీధిలో తిరుమల నంబి గుడి పక్కన పిలుస్తారు, తోడు ఒకరు పోవచ్చు. నాయన బతికుండగా ఒకసారి ముగ్గురం పోయాం. ఆయన వృద్ధుల స్లాటులో, అక్క తన స్లాటులో, నేను తోడుగా. తన భుజాన ఎక్కించుకుని నిలబడిన బిడ్డ తనను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంటే ఆయన ఏమనుకున్నాడో చెప్పలేదు, బయటికొచ్చాక కాళ్ళు నొప్పి లేవని మాత్రం అన్నాడు. 2024 ఎన్నికల్లో 40 శాతం వైకల్యం ఉన్నవాళ్ళు ఇంటి నుంచే ఓటు వేసే వీలు ఉందని ఫారం తెచ్చి ఇచ్చారు. అక్క వద్దంది. మే 13న స్కూటీ వేసుకుని పోయి, పోలింగు బడి ర్యాంపు మీదుగా లోపలికి పోయి, ఓటేసి వచ్చింది. పోలేనివాళ్ళకు ఆ ఫారం పెద్ద వరం, కాదనను. ఆమెకు మాత్రం పోవాలనిపించింది.

అంతా అయిపోయింది అనుకోకండి. చట్టం కింద రూల్స్ వచ్చిన నాటి నుంచి లెక్కేసే ఐదేళ్ళ గడువు 2022 జూన్‌తో ముగిసింది. ఎన్ని ఆఫీసులకు ఇంకా మెట్లే ఉన్నాయో ఊళ్ళో ఒక గంట తిరిగితే తెలుస్తుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ మార్పులు చేస్తే చేయండి లేకపోతే లేదు అన్నట్టు ఉన్న నిబంధన చెల్లదని, తప్పనిసరిగా పాటించే ప్రమాణాలు పెట్టండని కేంద్రానికి చెప్పింది. కట్టినవి కూడా చాలాచోట్ల పేరుకే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి ర్యాంపు. మా వైపు కొత్తగా ఒక ఆఫీసుకు కట్టిన ర్యాంపు మీద మోటారు సైకిలు కూడా మొరాయిస్తుంది. పోయిన ఆదివారం అక్క నన్ను పిలిచి టేపు పట్టుకోమంది. అరుగు ఎత్తు రెండున్నర అడుగులు, ర్యాంపు పొడవు ఎనిమిది. ముప్పై ఉండాలి. పక్కన కడ్డీ లేదు, మలుపులో చక్రాల కుర్చీ తిరిగే చోటూ లేదు. ఫోటోలు తీశాం, కొలతలు రాసుకున్నాం. అర్జీ ఒక కాపీ సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరేటుకు, ఇంకో కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు. టైపు చేసేది నేను, సెక్షన్లు చెప్పేది అక్క. మీ వీధిలోనూ ఇట్లాంటి ర్యాంపు ఉంటే కొలతలు తీసి నాకు పంపండి, అర్జీ నమూనా పంపిస్తాను, ఊరు పేరు మార్చుకుంటే చాలు.